ఎలుక పట్టిన చెయ్యి

"ఫలానావాడంటే నాకు ఎలర్జీ" అని మనం చాలా తేలిగ్గా అనేస్తాం. మీటింగులంటే ఎలర్జీ, జావా అంటే ఎలర్జీ, సోమవారం పొద్దున అంటే ఎలర్జీ. నేనూ అన్నవాడినే. పైన తథాస్తు దేవతలెవరో విన్నట్టున్నారు. 2019 జులైలో నాకు నిజంగానే కంప్యూటర్ ఎలర్జీ పట్టుకుంది.

అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది. హైదరాబాదులో ఆఫీసు. కుడి అరచేతి కింది అంచున, మణికట్టుకి ఆనుకుని, అర్ధరూపాయి బిళ్ళంత ఎర్ర మచ్చ వచ్చింది. దోమ అనుకున్నా. వారానికి అక్కడ సన్నసన్న నీటి పొక్కులు లేచాయి. ఇంకో వారానికి అవి పగిలి చర్మం పెళుసెక్కి, వేసంగిలో నల్లరేగడి నేల నెర్రెలిచ్చినట్టు పగుళ్ళు. దురద గురించి రాయడం కష్టం. నొప్పి అయితే పక్కవాడు అయ్యో అంటాడు, దురదకి నవ్వుతాడు. రాత్రి నిద్రలో గోక్కుని పొద్దున దుప్పటి మీద రక్తం మరకలు చూసుకున్న రోజులున్నాయి. మా రూమ్మేటు మాత్రం "కుడి చెయ్యి దురద పెడితే డబ్బులొస్తాయిరా, అప్రైజల్ దగ్గర పడిందిగా" అనేవాడు. (రాలేదు.)

అది ఎలుక పట్టే చెయ్యి, అంటే మౌసు చెయ్యి, అన్న సంగతి బుర్రకి తట్టడానికి రెండు నెలలు పట్టింది. తట్టగానే ఏం చేశానో చెప్తే నన్ను ఇంజనీరు అనరు. ఒకే శనివారం సబ్బు మార్చాను, షాంపూ మార్చాను, బట్టల పౌడరు మార్చాను, వాచీ తీసేశాను, మౌసు కింద టిష్యూ పేపరు వేశాను. చెయ్యి కాస్త తగ్గింది. దేనివల్ల తగ్గింది? ఎవరికి తెలుసు! ఐదు మార్పులు ఒకే కమిట్‌లో తోసేసి, బగ్ పోయింది కదా అని టికెట్ మూసేసే జూనియర్ని నేనే తిట్టేవాడిని. పది రోజులకి టిష్యూ పేపరు చిరాకేసి తీసేశా, మళ్ళీ మొదలు.

ఆఫీసులో వేరే మౌసు, ప్యాడు ఇవ్వమని టికెట్ పెట్టాను. మూడో రోజు "యూజర్ ప్రిఫరెన్స్" అని రాసి మూసేశారు. మళ్ళీ తెరిచి పొక్కుల ఫోటో జతచేశాను. ఆ ఫోటో చూసి అవతలి అబ్బాయి నా సీటు దగ్గరికి రావడమే మానేశాడు గానీ, మౌసు మాత్రం రాలేదు.

ఇక్కడ నన్ను బాగా తప్పుదోవ పట్టించింది ఒకటి ఉంది. మన రోజువారీ బుద్ధి ప్రకారం ఏది తగిలితే దురదపెట్టిందో అదే కారణం. దురదగొండి ఆకు తగిలింది, దురద పుట్టింది, లెక్క సరి. ఈ రకం ఎలర్జీ అలా కాదు. చర్మానికి ఒక పదార్థం పడదని తేల్చుకోవడానికి శరీరం మొదట కనీసం పది, పదిహేను రోజులు తీసుకుంటుంది. ఒక్కోసారి ఏళ్ళ తరబడి ఊరుకుని అప్పుడు తేల్చుకుంటుంది. ఒకసారి తేల్చుకున్నాక, ఆ పదార్థం మళ్ళీ తగిలిన ఒకటి నుంచి మూడు రోజుల్లో తెల్ల రక్తకణాల్లో ఒక రకం, టీ కణాలు, అక్కడికి చేరి రభస చేస్తాయి. అంటే సోమవారం చేసిన తప్పుకి ఎర్రర్ బుధవారం వస్తుంది. బుధవారం నేను ఏం తిన్నానో, ఏ సబ్బు రాసుకున్నానో చూసుకుంటూ కూర్చుంటాను. ఈ లెక్కన శనివారం దాకా మంటగానే ఉండి ఆదివారం సాయంత్రానికి కాస్త మెత్తబడేది, మళ్ళీ మంగళవారానికి మామూలే. లాగులో టైమ్‌స్టాంపులు తప్పుంటే డీబగ్ చెయ్యడం ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, అదన్నమాట.

2020 సంక్రాంతికి ఊరెళ్ళి పది రోజులున్నాను. చెయ్యి పూర్తిగా మానింది. నీళ్ళ మార్పు అన్నారంతా. నేనూ నమ్మాను. హైదరాబాదు నీళ్ళ మీద నెపం వెయ్యడం మనందరికీ ఇష్టమైన పనే కదా.

మార్చిలో లాక్‌డౌన్. దానికి రెండ్రోజుల ముందే లాప్‌టాపు, మౌసు, ప్యాడు సంచీలో వేసుకుని ఊరు చేరాను. మాది చిలకలూరిపేటకీ మార్టూరుకీ మధ్య, హైవే దిగి లోపలికి వెళ్ళాలి. పాత లెక్కలో గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసేచోటు. ఒకపక్క పత్తి, ఒకపక్క మిరప. మార్చి అంటే మిరప కోతలు ఆఖరుకొచ్చి కల్లాల నిండా ఎర్రగా ఆరబోసి ఉండే రోజులు. ఆ గాలి పీలిస్తేనే కొత్తవాళ్ళకి దగ్గొస్తుంది. ఇంటి ముందు గదిలో టేబులేసుకుని పని మొదలుపెట్టాను. మూడో వారానికి చెయ్యి మళ్ళీ పొక్కింది.

ఇంక చూడండి. హైదరాబాదు నీళ్ళు అన్నవాళ్ళే ఇప్పుడు మిరప్పొడి అన్నారు. నాయనమ్మ కానుగ నూనె తెచ్చింది. పెద్దమ్మ వేపాకు నూరి పంపింది. పక్కింటాయన అరుగు మీద నుంచే "చదువుకున్న చేతులు కదయ్యా, మన కారం ఘాటుకి తట్టుకోవు" అని తీర్పిచ్చాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే కల్లంలో తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు పొద్దున్నించి సాయంత్రం దాకా మిరపకాయల మధ్యే కూర్చుంటారు. మా అమ్మ కూడా. పనిలోకి దిగేముందు చేతులకి కొబ్బరి నూనె పట్టించుకుంటారు, సాయంత్రం మజ్జిగతో కడుక్కుంటారు. రాత్రంతా చేతులు మండుతాయి, పొద్దున్నే మళ్ళీ వెళ్తారు. వాళ్ళకి లేని రోగం మౌసు కదిలించే నాకా? నిజంగా సిగ్గేసింది.

తర్వాత చదివితే అర్థమైంది, ఆ పోలికే తప్పని. మిరప మంట ఎలర్జీ కాదు. కారంలో ఉండే క్యాప్సైసిన్ నేరుగా మన నరాల్లోని వేడిని పసిగట్టే గ్రాహకాన్ని మీటుతుంది. చెయ్యి కాలకపోయినా కాలుతోందని మెదడుకి కబురెళ్తుంది. ఆ గ్రాహకాన్ని 1997లో ఈ క్యాప్సైసిన్‌తోనే పట్టుకున్నందుకు డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. క్యాప్సైసిన్ నీళ్ళలో సరిగ్గా కరగదు, నూనెలో, కొవ్వులో కరుగుతుంది. కల్లంలో ఆడవాళ్ళ కొబ్బరి నూనె వెనక ఉన్న రసాయనశాస్త్రం అదే, నోబెల్ కంటే చాలా ముందు నుంచీ ఉంది. ముఖ్యమైన తేడా ఏమిటంటే, కారం అందరికీ మండుతుంది, ఎక్కువ తగిలితే ఎక్కువ మండుతుంది. ఎలర్జీ అందరికీ రాదు. ఊరంతటిలో ఒక్కణ్ణి ఎంచుకుంటుంది, వాడికి రవ్వంత తగిలినా చాలు. చేతులు మెత్తగా ఉన్నాయా గట్టిగా ఉన్నాయా అన్నదానితో దానికి పెద్ద పనిలేదు.

ఈ సంగతి ఆ అరుగు మీదాయనకి చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

ఆ ఏడాది చివర్లో ఒక పెళ్ళిచూపులు కూడా అయ్యాయి. అమ్మ నాకు ఫుల్ హాండ్స్ చొక్కా వేయించి, "ప్లేటు ఎడమ చేత్తో పట్టుకుని కుడి చెయ్యి దాని కిందే ఉంచు నాన్నా" అని రిహార్సల్ చేయించింది. చర్మం మీద మచ్చ కనపడితే సంబంధాలు ఎలా వెనక్కిపోతాయో మన వైపు అందరికీ తెలిసిందే. స్వీటు ఎడమ చేత్తో తినలేక తినకుండా కూర్చున్నాను. అబ్బాయికి స్వీటు పడదేమో, షుగరేమో అని వాళ్ళు అనుమానించారట! కథ కంచికి.

నా మొదటి అనుమానం నికెల్ మీద. ఇంటర్నెట్‌లో కంప్యూటర్ ఎలర్జీ అని వెతికితే ముందు అదే వస్తుంది. 2014లో అమెరికాలో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో ఒక కేసు వచ్చింది. పదకొండేళ్ళ అబ్బాయి, ఒళ్ళంతా దద్దుర్లు, మామూలు మందులకి లొంగలేదు. చివరికి చూస్తే రోజూ వాడే ఐప్యాడ్ మీద నికెల్ తేలింది. దానికి కవరు వేసి వాడితే తగ్గింది. అదే ఏడాది ఫిట్‌బిట్ వాళ్ళు ఫోర్స్ అనే చేతిపట్టీని వెనక్కి పిలిపించారు. అమెరికాలోనే దాదాపు 10 లక్షలు అమ్ముడైన సరుకు. అక్కడ అనుమానితులు ఒకటి కాదు: స్టీలులో నికెల్, పట్టీలో వాడిన పదార్థాలు, అతికించిన జిగురు. యూరప్‌లో అయితే 1994లోనే చట్టం చేశారు. చర్మానికి అంటుకుని ఉండే వస్తువు నుంచి చదరపు సెంటీమీటరుకి వారానికి 0.5 మైక్రోగ్రాముకి మించి నికెల్ బయటికి రాకూడదని. మన ఆడవాళ్ళకి రోల్డ్ గోల్డ్ దిద్దులు పెట్టుకుంటే చెవులు చీము పడతాయే, దానికి ఎక్కువసార్లు కారణం ఈ నికెలే.

నికెల్ ఉందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. కెమిస్ట్రీ చదివినవాళ్ళకి డైమిథైల్ గ్లైయాక్సిమ్ గుర్తుండే ఉంటుంది, నికెల్ తగిలితే గులాబీ ఎరుపు రంగు. మా బాబాయి కొడుకు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. కాలేజీలు తెరిచాక అన్నయ్య చిన్న సీసాల్లో అది కొంచెం, అమ్మోనియా ద్రావణం కొంచెం తెచ్చాడు. దూదిపుల్లని రెండింటిలో తడిపి వస్తువు మీద అర నిమిషం రుద్దాలి. ఆ ఆదివారం ఇద్దరం ఇంట్లో ఇనుము ఉన్నదీ లేనిదీ అన్నీ రుద్దేశాం. నా బెల్టు బకిల్ గులాబీ. అమ్మ పిన్నీసులు గులాబీ. నా వాచీ గొలుసు కొక్కెం ముదురు గులాబీ. లాప్‌టాపు మాత్రం, మూత, అంచులు, స్క్రూలు ఎక్కడ రుద్దినా దూది తెల్లగానే ఉంది. పైగా వాచీ పెట్టుకునే ఎడమ చేతికి ఇన్నేళ్ళలో ఒక్క పొక్కు లేదు. నా గొప్ప సిద్ధాంతం దూదిపుల్లతోనే పోయింది.

అసలు కంప్యూటర్ అనేది ఒక పదార్థం కాదు కదా. అందులో వందల పదార్థాలున్నాయి. 2000లో స్వీడన్ పరిశోధకులు కంప్యూటర్ మానిటర్లు వేడెక్కినప్పుడు ప్లాస్టిక్‌లోంచి ట్రైఫినైల్ ఫాస్ఫేట్ అనే మంటనిరోధకం గదిలోకి వెలువడుతోందని, అది చర్మానికి ఎలర్జీ కలిగించగలదని చూపించారు. కాబట్టి "నాకు కంప్యూటర్ పడదు" అన్న మాటకి అర్థమే లేదు. సర్వర్ పనిచెయ్యట్లేదు అన్నంత పనికిమాలిన బగ్ రిపోర్టు అది.

ఈ లోపు నేను వాడుతున్న మందు సంగతి చెప్పాలి, చెప్పడానికి ఇష్టం లేకపోయినా. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు ఒక ట్యూబు ఇచ్చాడు. రాత్రి రాస్తే పొద్దునకి దురద మాయం. అద్భుతం అనుకున్నా. మా నాన్న ఆ ట్యూబు చూసి "ఇదేరా నేను రాసేది కూడా, మంచిది" అన్నాడు. వెనక తిప్పి చదివాను. క్లోబెటసాల్, అంటే పైపూత స్టెరాయిడ్లలో బాగా బలమైనది, దానికి తోడు ఫంగస్ మందు, ఒక యాంటిబయాటిక్, అన్నీ ఒకే ట్యూబులో. ఏ రోగమో తెలియకపోయినా ఏదో ఒకటి తగులుతుందిలే అన్న పద్ధతి. ఇలాంటి పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లోకి చేర్చింది. మా పక్క షాపులో చీటీ అడగడం నేను చూడలేదు. నేను రాసింది ఐదు నెలలు. నాన్న రాసింది దాదాపు తొమ్మిదేళ్ళు. ఆయన మెడ మీద, మోచేతి మడతల్లో చర్మం ఉల్లిపొరలా పల్చబడి లోపలి నరాలు కనిపిస్తుండేవి. వయసు వల్ల అనుకున్నాం.

2021 జనవరిలో, పండగ వెళ్ళిన వారం, హైదరాబాదులో ఒక చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చెయ్యి చూసింది అర నిమిషం. ప్రశ్నలు అడిగింది నలభై నిమిషాలు. చెప్పులు ఏవి, చిన్నప్పుడు ఏవి, బెల్టు ఏది, గ్లౌజులు వాడతావా, సెలవుల్లో తగ్గుతుందా, సెలవుల్లో ఏం వాడవు. ఆ ఆఖరి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. సంక్రాంతి పది రోజులూ లాప్‌టాపు హైదరాబాదులోనే వదిలేసి వెళ్ళాను! నీళ్ళు కాదు, నేనసలు మౌసే ముట్టలేదు.

తర్వాత ప్యాచ్ టెస్టు. ఇదేం కొత్త సాంకేతిక విద్య కాదు, యాడాస్సోన్ అనే జర్మన్ వైద్యుడు 1895లో చెప్పిన పద్ధతి. అనుమానం ఉన్న పదార్థాల్ని కొంచెం కొంచెంగా చిన్న గిన్నెల్లాంటి వాటిలో పెట్టి వీపుకి ప్లాస్టరుతో అంటిస్తారు. రెండ్రోజులు అలాగే ఉంచి, తీసి చూసి, మళ్ళీ రెండ్రోజుల తర్వాత ఇంకోసారి చూస్తారు. ఇందాక చెప్పిన ఆలస్యం ఉంది కదా, అందుకు. మన దేశానికి తగ్గ జాబితా ఒకటి ఉంది, ఇండియన్ స్టాండర్డ్ సిరీస్ అంటారు. నికెల్, కోబాల్ట్, సిమెంటులో ఉండే క్రోమియం, జుట్టు రంగులో ఉండే పారాఫినైలిన్ డయమీన్, నియోమైసిన్, సెంట్లు, రబ్బరులో కలిపే రసాయనాలు... ఇంకా చాలా. ఆ జాబితా ఒకసారి చదివితే మన బతుకంతా అందులో ఉందనిపిస్తుంది. డాక్టరు నా మౌసు ప్యాడులోంచి చిన్న ముక్క, మౌసు పక్కన ఉండే మెత్తటి రబ్బరు పట్టీ గీరితే వచ్చిన ముక్క కూడా విడిగా అంటించింది. సొంత వస్తువులు తీసుకురమ్మని ముందే ఫోనులో చెప్పారు. మీలో ఎవరైనా వెళ్తే వాడే వస్తువులు పట్టుకెళ్ళండి, అది మర్చిపోతే సగం ప్రయోజనం పోతుంది.

సోమవారం అంటించారు. వీపు తడపకూడదు, చెమట పట్టకూడదు. అందుకే ఎండాకాలం వద్దంటారు. బుధవారం తీసినప్పుడు రెండు చోట్ల ఎరుపు. శుక్రవారానికి మూడు చోట్ల చిన్న పొక్కులతో సహా ఉబ్బి ఉంది. రూమ్మేటు ఫోనుతో ఫోటో తీసి చూపించాడు. మెర్కాప్టో మిక్స్, మెర్కాప్టో బెంజోథయజోల్, మౌసు ప్యాడు ముక్క. మౌసు పట్టీ ఏమీ కాదు. నికెల్ ఏమీ కాదు.

మెర్కాప్టో బెంజోథయజోల్ అంటే రబ్బరు త్వరగా గట్టిపడడానికి కలిపే రసాయనం. టైర్లలో, బూట్లలో, చెప్పుల్లో ఎక్కువ. మౌసు ప్యాడు పైన గుడ్డ, కింద నల్ల రబ్బరు. నాది మణికట్టు కింద ఎత్తుగా ఉండే రకం, గుడ్డ అరిగి అంచున రబ్బరు బయటపడింది. సరిగ్గా అక్కడే నా చెయ్యి రోజుకి తొమ్మిది గంటలు, హైదరాబాదు చెమటతో సహా. "చిన్నప్పుడు హవాయి చెప్పులు వేసుకుంటే పాదాల మీద దురద వచ్చేదా?" అని అడిగింది. వచ్చేది. వానాకాలంలో పట్టీ పడే చోట ఆంగ్ల వీ ఆకారంలో పొక్కేది. ఒరుసుకుని వచ్చిందని మా అమ్మ పసుపు రాసేది. అంటే ఈ బగ్ మూడో తరగతి నుంచీ ప్రొడక్షన్‌లో ఉంది, మౌసు వచ్చి దాన్ని బయటపెట్టింది అంతే :-)

రెండేళ్ళ బాధకి పరిష్కారం నూట ఇరవై రూపాయలు. ప్యాడు పారేశాను. దాని బదులు చీరాల తువ్వాలు నాలుగు మడతలు వేసి మణికట్టు కింద పెట్టుకుంటున్నాను, శుభ్రంగా పత్తి. వారానికోసారి ఉతికి ఆరేస్తే చాలు. చెయ్యి పూర్తిగా మానడానికి ఆరు వారాలు పట్టింది. ఇదేదో స్విచ్చు నొక్కినట్టు కాదు, దెబ్బతిన్న చర్మం కుదురుకోవాలి. వాసనల్లేని మామూలు వాజలీను రాత్రిపూట, డాక్టరు రాసిచ్చిన తక్కువ రకం స్టెరాయిడ్ పది రోజులు, అంతే. ఎలర్జీ పోలేదు. అది ఉంటుంది. బూట్లు కొనడమే ఇప్పటికీ తలనొప్పి, రబ్బరు లేని జోడు దొరకడం గగనం. లాప్‌టాపు సంచీ పిడి, జిమ్ములో పట్టుకునే డంబెల్ పిడి, స్కూటర్ గ్రిప్పు, అన్నీ అనుమానంగా చూసే బుద్ధి పట్టుకుంది. ఆఫీసులో కొత్త కీబోర్డు ఇస్తే కింద రబ్బరు కాళ్ళు చూసి నవ్వుకుంటాను. అవి బల్లకి తగులుతాయి, నాకు తగలవు.

ఇంతవరకు అయితే ఇది రాసేవాడిని కాదేమో.

శుక్రవారం రీడింగు అయ్యాక డాక్టరు చేతిలోని కాగితం చూస్తుంటే ఆఖర్లో ఒక పేరు కనిపించింది. పార్థీనియం. నాకు అది నెగటివ్. "ఇది కలుపు మొక్క కదండీ, ఇది వీపుకి ఎందుకు?" అన్నాను. మీ ఊళ్ళో ఏమంటారు అని అడిగింది. వయ్యారిభామ అంటారు, కాంగ్రెస్ గడ్డి అని కూడా. (ఆ పేరు పెట్టినవాడికి దండం పెట్టాలి. తెల్లటి పూలతో గాలికి ఊగుతూ నిజంగానే వయ్యారంగా ఉంటుంది.) 1950ల్లో పుణె దగ్గర మొదట కనపడిందని, విదేశీ గోధుమలతో పాటు వచ్చిందని చెప్తారు. ఇప్పుడది లేని గట్టు లేదు. దానిలో ఉండే పార్థీనిన్ కొంతమందికి ఘోరంగా పడదు, ముట్టుకోనక్కర్లేదు, ఎండిన మొక్క పొడి గాలిలో వచ్చినా చాలు అని, ముందు కనురెప్పలు, ముఖం, మెడ, మోచేతి మడతలు, వానాకాలంలో ఎక్కువ, చలికాలంలో తక్కువ, కొన్నేళ్ళకి ఏడాది పొడవునా, చర్మం మందంగా నల్లగా... అని ఆవిడ చెప్పుకుంటూ పోతోంది. నేను మా నాన్నని చూస్తున్నాను.

నాన్నకి 2011 నుంచీ ఇదే. జులై వస్తే కళ్ళు వాచేవి. మెడ మీద గీతలు పడి ఏనుగు తోలులా అయ్యేది. పురుగుమందు పడలేదని ఊరంతా తేల్చేసింది, మేమూ నమ్మాం. ఎందుకు నమ్మమూ, జులై నుంచి పత్తికి మందు కొట్టేది ఆయనే. మందు కొట్టే నెలలూ, వయ్యారిభామ పూసే నెలలూ ఒకటే. రెండూ కలిసి వచ్చేవాటిలో ఏది కారణమో ఒకదాన్ని ఆపి చూస్తే గానీ తెలియదు. నిజానికి 2016లో మందు కొట్టడం కూలీకి అప్పజెప్పాడు. అయినా తగ్గలేదు. డేటా మా కళ్ళ ముందే ఉంది. ఇంట్లో ఇంజనీరు ఉన్నాడు. ఎవడూ చూడలేదు. నా అరచేతిలో అర్ధరూపాయంత మచ్చకి నేను దూదిపుల్లలు పట్టుకుని ఇల్లంతా తిరిగాను, ఎదురుగా మంచం మీద కూర్చుని మెడ గోక్కుంటున్న మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు.

ఆయన్ని తీసుకురావడానికి ఇంకో పదకొండు నెలలు పట్టింది. మధ్యలో రెండో వేవ్. పైగా ఒళ్ళంతా రేగి ఉన్నప్పుడు, వీపు మీద స్టెరాయిడ్ రాస్తున్నప్పుడు ఈ పరీక్ష చెయ్యరు. ముందు ఆ ట్యూబు మాన్పించాలి. మాన్పించిన మొదటి నెల నరకం. పూత ఆపగానే అణిగి ఉన్నదంతా పైకి లేచింది. "నువ్వు చెప్పాకే ఎక్కువైందిరా" అన్నాడు. మందులు మార్చి, మెల్లగా దారికి తెచ్చి, డిసెంబరులో అంటించారు. రెండో రోజు ప్లాస్టరు తీసేటప్పటికే పార్థీనియం పెట్టిన చోట నీటి బుడ్డ లేచి ఉంది. మిగతావన్నీ శుభ్రం.

నేను అమాయకంగా సంతోషపడ్డాను. రోగానికి పేరు దొరికింది కదా! నాన్న చొక్కా తొడుక్కుంటూ "అయితే ఇప్పుడేంది, చేలోకి పోవద్దంటావా?" అన్నాడు. డాక్టరుని కాదు, నన్ను. నా దగ్గర తువ్వాలు మడత లాంటి జవాబు లేదు. నేను ప్యాడు పారేశాను. ఆయన గట్లు ఎక్కడ పారేస్తాడు? మా గట్టు శుభ్రం చేసుకున్నా పక్క గట్టు ఉంది, డొంక ఉంది, కాలవ కట్ట ఉంది, హైవే పక్క పొడుగునా ఉంది. దాన్ని తినే మెక్సికో పెంకుపురుగుల్ని 1980ల్లో బెంగుళూరు తెచ్చి వదిలారు, అవి తినేది తింటున్నాయి, ఇది పెరిగేది పెరుగుతోంది.

ఇప్పుడు ఆయన అజాథయోప్రిన్ అనే మాత్ర వేసుకుంటున్నాడు. అది రోగనిరోధక శక్తిని అణిచే మందు, కాబట్టి రక్త పరీక్షలు క్రమం తప్పకుండా చేయించాలి. గుంటూరు కొత్తపేటలో ల్యాబుకి నేను ఊళ్ళో ఉంటే నేను, లేకపోతే అన్నయ్య తీసుకెళ్తాం. మెడ మామూలైంది. కళ్ళు వాచడం లేదు. చామంతి పూలు కూడా అదే కుటుంబం కాబట్టి అమ్మ పూజకి మందారాలే వాడుతోంది. మూడెకరాలు కౌలుకి ఇచ్చేశాడు. ఒక్క ఎకరం మాత్రం ఇవ్వనన్నాడు. నేను గట్టిగా వాదించలేదు. అరుగు మీదాయన "కొడుకు ఉద్యోగస్తుడయ్యాడు, ఇంకెందుకు చేస్తాడు" అంటుంటాడట. ఆ మాట నాన్నకి ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు, నాకు తగిలినచోటే.

ఆ ఎకరం గట్లు మాత్రం ఏడాదికి రెండుసార్లు నేను పీకుతాను. పూత రాకముందే పీకెయ్యాలి, వానపడి నేల మెత్తగా ఉన్న శనివారం చూసుకుని ఊరెళ్తాను. నాకు ప్యాచ్ టెస్టులో నెగటివ్ వచ్చింది కదా అని ఉత్త చేతులతో పీకొద్దని డాక్టరు ముందే చెప్పింది, ఇవాళ్టి నెగటివ్ ఎల్లకాలం ఉండదట. మొదటిసారి గ్లౌజుల కోసం చిలకలూరిపేటలో ఎరువుల కొట్టు, ఇనుప సామాన్ల కొట్టు, మెడికల్ షాపు, అన్నీ తిరిగాను. ఎక్కడ చూసినా రబ్బరువే. నాన్నకి పడని మొక్క పీకడానికి నాకు పడని గ్లౌజులు! చివరికి పీవీసీవి ఆన్‌లైన్లో తెప్పించుకున్నాను, లోపల నూలు చేతొడుగు వేసుకుని పైన అవి.

పోయిన వానాకాలం అలా పీకుతుంటే నాన్న మోటారు షెడ్డు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ముఖానికి తువ్వాలు చుట్టుకుని. రావద్దంటే వినలేదు. ఒక బారు పీకి కుప్పేశాను. అక్కణ్ణించే అరిచాడు, "గాలి పడమర నించి కొడతంది, కుప్ప నాకు అటేపు వెయ్ రా. వేళ్ళు కూడా లాగు, పైన తుంచితే మళ్ళీ లెగుస్తది."

కుప్ప అటేపు వేశాను.